నెత్తళ్ళ కోసం తప్పిన ఓడ

నాయన పోయాడన్న కబురు నాకు మూడో తరగతి గదిలో తెలిసింది. పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. మా చిన్నాయన కొడుకు జువ్వలదిన్నె నుంచి కావలిదాకా సైకిలు తొక్కుకుంటూ వచ్చి బడి వాకిట్లో నిలబడ్డాడు. "అక్కా, రెండు దినాలు సెలవు పెట్టి రావాల," అన్నాడు. ఏమైందిరా అంటే, "పెదనాయనకి ఒళ్ళు బాగలేదు," అన్నాడు. మంచినీళ్ళు ఇచ్చాను. గ్లాసు పట్టుకున్నాడు గాని తాగలేదు. అంత ఎండన పడి వచ్చినవాడు నీళ్ళు తాగకుండా గ్లాసు వంక చూస్తూ నిలబడితే ఇక అడగవలసింది ఏముంటుంది? పిల్లలను పక్క తరగతి పంతులుగారికి అప్పజెప్పి సైకిలు వెనక ఎక్కాను.

బోగోలు దాటాం. ఆ తర్వాత వాడే అన్నాడు. "పొద్దున వల బాగుచేస్తా కూర్చోనుండాడక్కా. అట్నే పక్కకి ఒరిగినాడు. దారం చేతిలోనే ఉండాది."

నాయనకు యాభై ఏళ్ళు నిండలేదు. జబ్బు చేసి పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. చూసి ఉంటే ఈ కబురుకు కొంచెమైనా సిద్ధపడి ఉండేదాన్నేమో.

మా ఊరు దాటితే ఆయన ఎవరికీ తెలియదు. ఊళ్ళో మాత్రం ఆయన్ని ఎరగనివాళ్ళు లేరు, అదీ సొంత పేరుతో కాదు. 'ఓడ తప్పినోడు' అంటేనే చిన్నపిల్లలైనా మా గుడిసె చూపించేవాళ్ళు. ఆ పేరు ఎట్లా వచ్చిందో చెప్పాలంటే ముందు ఆయన ఎట్లాంటివాడో కొంచెం చెప్పాలి.

అమ్మ నాకు ఏడేళ్ళప్పుడు విషజ్వరంతో పోయింది. అప్పటినుంచి నా జడ నాయనే వేసేవాడు. వల అల్లే చేతులు కదా, జడ కూడా వల అల్లినట్టే అల్లేవాడు. ఎంత బిగించేవాడంటే నా కళ్ళు నొసటి మీదికి ఎక్కేవి. పొద్దున వేసిన జడ మర్నాటి పొద్దున కూడా అట్లాగే ఉండేది. బళ్ళో ఆడపిల్లలు నవ్వుతారని నేను ఏడిస్తే, "జడైనా ముడైనా ఒకటేనమ్మే. ఊపితే ఊడకూడదు, ఇప్పితే రావాల. మీ బళ్ళో వాళ్ళ జడలు ఊపి చూడు," అన్నాడు. నేను నిజంగానే పోయి ఒకమ్మాయి జడ ఊపి చూశాను. ఆ రోజు అయ్యవారి చేత దెబ్బలు తిన్నాను.

నైలాను వలలు వచ్చినప్పుడు ఊరంతా ఎగబడి కొంటే ఆయన చాలాకాలం నూలు వలనే కుళ్ళిపోకుండా తుమ్మచెక్క కషాయంలో నానబెట్టుకుంటూ కూర్చున్నాడు. ఎందుకు నాయనా ఈ చాకిరీ అంటే, "నైలాను నీళ్ళలో కనబడదు పాపా. చేపకి కూడా తప్పించుకునేదానికి ఒక దారి ఉండాల గదా," అన్నాడు. చేపలు పట్టి బతికే మనిషి ఆ మాట అనడం నాకు అప్పుడు వింతగా ఉండేది. తర్వాత ఆయనా నైలాను వలే కొన్నాడు. పొట్ట గడవాలి కదా. కొన్న రోజున మాత్రం అన్నం సరిగా తినలేదు.

నాకు కావలిలో ఉద్యోగం వచ్చి గది అద్దెకు తీసుకున్నాక, నెలకొకసారి ఎండుచేపలు మూటగట్టుకుని వచ్చేవాడు. ఇల్లుగలామె చేపలు తినదు. అందుకని ఇంటికి రాకుండా వీధి చివర కల్వర్టు మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళ చేత నాకు కబురు పంపేవాడు. "ఆయమ్మకి వాసన పడదంటివి గదా, మనమెందుకు ఇబ్బంది పెట్టాల?" ఒకరోజు ఆమే స్వయంగా వచ్చి, "ఏమండీ, లోపలికి వచ్చి కాఫీ తాగండి, నేనేమన్నా రాక్షసినా," అని పిలిచింది. మూట కల్వర్టు మీదే ఉంచి వచ్చి, వాకిట్లో నిలబడి తాగాడు. తిరిగి పోయేసరికి మూటను కుక్క లాక్కుపోయింది. "పోనీలేమ్మే, అది కూడా కావలి కుక్కే గదా, ఎప్పుడు తిన్నదో," అన్నాడు. పోయేటప్పుడు ప్రతిసారీ అడిగేవాడు: "బిడ్డలు మాట ఇంటుండారా? కొట్టమాకమ్మే. కొడితే దెబ్బ గుర్తుంటాది, పాఠం గుర్తుండదు." నా బడిలో ఇప్పటికీ బెత్తం లేదు.

ఇక ఓడ సంగతి.

నాయనకు అక్క, అంటే మా మేనత్త, పెళ్ళయిన కొత్తలోనే సింగపూరు వెళ్ళిపోయింది. మామకు అక్కడ రేవులో పని. వాళ్ళకు పిల్లలు లేరు. అమ్మ పోయిన రెండేళ్ళకు అత్త దగ్గర్నుంచి జాబు వచ్చింది. పిల్లను నాకు ఇచ్చేయి తమ్ముడూ, మంచి బళ్ళో వేస్తాను, దానికి తల్లి లేని లోటూ నాకు బిడ్డ లేని లోటూ రెండూ తీరుతాయి అని రాసింది. ఊరి అయ్యవారు ఆ జాబును మా వాకిట్లో గట్టిగా చదివాడు. నాయనను కన్న మా అవ్వ విని, "ఇయ్యిరా. నేనెన్నాళ్ళుంటా? నువ్వేమో తెల్లారకముందే సముద్రంలోకి పోతావు. ఆడబిడ్డని ఎవురు చూస్తారు?" అంది. ఊరి పెద్దలూ అదే మాటన్నారు.  ఐదోరోజు నాయన అయ్యవారి దగ్గరికి పోయి, వస్తున్నామని అక్కకు జాబు రాయించాడు. అది మాట ఇచ్చినట్టే.

నా దగ్గర ఎవరూ ఏమీ దాచలేదు. బిట్రగుంటలో మద్రాసు రైలు ఎక్కేముందే నాయన చెప్పాడు. "పాపా, నిన్ను అత్త కాడ వదిలిపెట్టి నేనొచ్చేస్తా. నీకు చదువొస్తాది. ఏడవమాక." నేను ఏడవలేదు. మద్రాసులో ఓడ టిక్కెట్లు తీసినప్పుడు మాత్రం నాకు సంగతి బాగా అర్థమైంది. పోవడానికి ఇద్దరికి తీశాడు, రావడానికి ఒకరికే.

మాది డెక్కు ప్రయాణం. అంటే చాప పరుచుకున్నంత మేర మన ఇల్లు. మా పక్క చాప మీద తంజావూరు ఆమె ఒకామె పిల్లలతో ఉండేది. పుట్టినప్పటినుంచి సముద్రం మీదే ఉన్న మా నాయనకు ఓడలో తల తిరిగింది. మూడు రోజులు లేవలేదు. తంజావూరామె ఇచ్చిన నిమ్మకాయలు నేనే పిండి తాగించాను. "తెప్ప మీదైతే నీళ్ళు కాళ్ళకి తగల్తా ఉంటాయి. ఈడ సముద్రం యాడుందో తెలవడం లేదు," అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. ఆయన పడుకున్నంతసేపూ నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు, అందుకని ఆ మూడు రోజులూ నాకు బాగానే ఉంది.

ఆరో రోజో ఏడో రోజో పొద్దున ఓడ పినాంగులో ఆగింది. సరుకు దించుతారు, నాలుగింటికి మళ్ళీ బయల్దేరుతుంది, దిగేవాళ్ళు దిగి మూడింటికల్లా రండి అని చేతికొక చీటీ ఇచ్చారు. నాకూ నాయనకూ కలిసి తిరగడానికి మిగిలింది ఆ ఒక్క పూటే. అది ఇద్దరికీ తెలుసు.

వాన పడి వెలిసిన వీధుల్లో నడిచాం. అక్కడి రిక్షాలో మనిషి ముందు కూర్చుంటాడు, తొక్కేవాడు వెనక ఉంటాడు. "ఇదే మేలు, దెబ్బ తగిలితే ముందు ఎక్కినోడికే తగల్తాది," అన్నాడు నాయన. ఒంటినిండా ఎర్ర జుట్టున్న కాయలు కొనిపెట్టాడు. ఒలిస్తే లోపల తాటిముంజె మాదిరి తెల్లగా ఉంది. తర్వాత రేవు గోడ మీద కూర్చోబెట్టి నా జడ విప్పి మళ్ళీ అల్లాడు. "అత్త చూస్తే బాగుండాల." అల్లి, చూసి, బాగా రాలేదని మళ్ళీ విప్పాడు. రెండోసారి మామూలుగా బిగించినంత బిగించలేదు.

ఊరు చూడటం అయ్యాక ఇంకెక్కడికి పోవాలో తోచలేదు. కొత్త ఊరికి వచ్చినవాళ్ళు గుడికో అంగడికో పోతారు. మా నాయన దారిన పోయే తమిళం మనిషిని ఆపి, చేపలు పట్టేవాళ్ళు యాడుంటారని అడిగాడు. అతను చూపించిన దిక్కుకు ఒడ్డు వెంబడి నడిచాం. వెనక్కి తిరిగితే మా ఓడ కనబడుతూనే ఉంది. అక్కడ అలలు లేవు. నాయన నిలబడి చూసి, "ఇది సముద్రమా, చెరువా?" అన్నాడు. ఆ ఒడ్డున గళ్ళ లుంగీలు కట్టుకున్న మలయా వాళ్ళు పెద్దవల లాగుతున్నారు.

పెద్దవల మా ఒడ్డునా ఉంది. పడవలో వలను తీసుకుపోయి సముద్రంలో చుట్టూ వేసి వస్తారు, దాని రెండు కొసల తాళ్ళను ఒడ్డున రెండు జట్లు నిలబడి లాగుతాయి. లాగిన ప్రతివాడికీ చేపల్లో పాలు ఉంటుంది. ఒకటే కట్టుబాటు: తాడు మీద చెయ్యి వేసినవాడు వల గట్టెక్కేదాకా వదలకూడదు. ఒక్కడు వదిలినా ఆ పక్క తాడు జారుతుంది, వల వంకరపోతుంది, అందరి కష్టమూ ఆ సందులోంచి ఈదుకుంటూ పోతుంది. వదిలినవాడిని మా ఊళ్ళో ఆ ఏడాది ఇంకే వల దగ్గరికీ రానివ్వరు.

ఆ తర్వాత జరిగింది నాయన నోటనే వినాలి. పన్నెండేళ్ళుగా మా ఒడ్డున ఆ కథ విననివాళ్ళు లేరు. వల వేసి ఊరికే కూర్చున్నప్పుడల్లా ఎవరో ఒకరు, "అన్నా, ఓడ సంగతి చెప్పన్నా," అనేవాళ్ళు. ఆయన చుట్ట ముట్టించి మొదలుపెట్టేవాడు.

"దచ్చిణం తాడు కాడ ఇద్దరు తక్కువుండారబ్బయా. ఉత్తరం తాడు ముందుకొచ్చేసింది, ఇది ఎనకబడింది. వల సొట్టబోతా ఉండాది. ఎట్టా చూస్తా నిలబడేది? చొక్కా ఇప్పి పాపకిచ్చినా, పంచె ఎగగట్టినా, చెయ్యేసినా. మనకాడ అరగంటలో వల ఒడ్డుకొస్తాది గదా, అదే లెక్క ఏసుకున్నా. ఆడ యాడ చూసినా మోకాలి లోతే, తాడు మైలు పొడుగుండాది. లాగతా ఉండా, లాగతా ఉండా, రాదే. ఓడ ఒక కూత కూసింది. వదిలేదానికి లేదు. రెండో కూత కూసింది. వల ఇంకా నీళ్ళలోనే ఉండాది. వల గట్టెక్కేటప్పటికి చూస్తే ఓడ రేవులో లేదు."

"ఎంత పడిందన్నా?" ఇది ఎవరో ఒకరు అడిగి తీరాలి.

"రెండు బుట్టల నెత్తళ్ళు."

నెత్తళ్ళంటే వేలెడంత చేపలు. అంతే, ఒడ్డంతా నవ్వులు. "రెండు బుట్టల నెత్తళ్ళకి సింగపూరుని పోగొట్టుకున్నోడివి నువ్వేనన్నా," అనేవాళ్ళు. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వేవాడు. కాని ముసలివాళ్ళు మాత్రం, "అయినా తాడు వదల్లేదు చూడు," అని తల ఊపేవాళ్ళు. కుర్రవాళ్ళు ఎవరైనా తాడు దగ్గర బద్ధకిస్తే, పరాయి దేశంలోనే ఆయన వదల్లేదు, మీరు సొంత ఒడ్డున వదుల్తారా అని తిట్టడం మా ఊళ్ళో మామూలైంది.

ఆ కథలో నవ్వు లేని భాగం ఆయన చెప్పేవాడు కాదు. అది నేను చెప్పాలి.

రేవు ఆఫీసులో నాయనకు బాగా చీవాట్లు పడ్డాయి. ఒక్క ముక్కా అర్థం కాకపోయినా అన్నిటికీ తల ఊపాడు. అదే ఓడ సింగపూరు పోయి తిరిగి వచ్చేటప్పుడు మద్రాసుకు ఎక్కమన్నారు. ఆ వల జట్టులో తమిళం పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆయనే మమ్మల్ని తన ఇంటికి తీసుకుపోయి, అన్ని రోజులూ అన్నం పెట్టించాడు. నాయన రోజూ వాళ్ళ వల లాగాడు. తిరుగు టిక్కెట్టు ఆయనకొక్కడికే ఉంది కదా, నాది ఆ వలలోంచే వచ్చింది.

పదకొండో రోజున ఓడ వచ్చింది. డెక్కు మీద మనిషి ఒకతను నా ట్రంకుపెట్టెను తెచ్చి మా ముందు పెట్టాడు. మేము దిగిపోయినా పెట్టె సింగపూరు పోయింది. మేము పినాంగులో ఆగిపోయిన సంగతి తంజావూరామె అక్కడి రేవులో అత్తకు చెప్పిందట. పెట్టె తెరిస్తే పైన మూడు కొత్త గౌన్లు, ఒక జాబు. నేనే కూడబలుక్కుని చదివాను. "తమ్ముడూ, అందురూ దిగిపోయిందాకా రేవులో నిలబడినా. మీరు రాలా. పిల్లకి గౌన్లు కుట్టి పెట్టుకున్నా. ఇంకెవురికి ఏస్తా, పంపుతుండా." అంతకు మించి ఏమీ లేదు, చీవాట్లు కూడా లేవు. నాయన మళ్ళీ చదవమన్నాడు. చదివాను. "అక్కకి అన్నాయం చేసినా," అన్నాడు. ఆ మాట ఆయన నోట నేను విన్నది ఆ ఒక్కసారే.

ఊరికి వచ్చాక ప్రతి ఏడాదీ నా చేత అత్తకు జాబు రాయించేవాడు. మూడేళ్ళు జవాబు లేదు. నాలుగో ఏడు ఒక కార్డు వచ్చింది, అందులో ఒకటే ముక్క: పిల్ల ఎంతదయింది? నేను పెన్సిలు తీసుకుని, ఇన్ని అడుగులని రాయబోయాను. "అంకెల్తో అక్కకి ఏం తెలుస్తాది," అని నన్ను గుంజకు ఆనించి నిలబెట్టి, మడమ నుంచి నడినెత్తిదాకా వల దారం పట్టి, కోసి, చుట్టచుట్టి కవరులో పెట్టాడు. భుజాల కొలతకు ఇంకో దారం పెట్టాడు. ఆర్నెల్లకు ఎవరో వస్తుంటే వాళ్ళ చేత గౌను వచ్చింది. నాకు సరిగ్గా సరిపోయింది. ఆ తర్వాత ఏటా దారం పోయేది, గౌను వచ్చేది. పెద్దదాన్నయ్యాక జాకెట్టు వచ్చేది. అత్తను నేను ఇప్పటిదాకా చూడలేదు. తమ్ముడు పోయాడని మొన్ననే రాశాను. రాయడానికి రెండు రోజులు పట్టింది.

కబురు తెలిసిన రోజు సాయంత్రం నాయనను సాగనంపి వచ్చాక మగవాళ్ళంతా ఒడ్డున కూర్చున్నారు.  ఎవరో ఓడ సంగతి ఎత్తారు. "రెండు బుట్టల నెత్తళ్ళు," అని ఒకాయన నవ్వబోయి నవ్వలేక తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ముసలాయన ఒకాయన నా తల మీద చెయ్యి వేసి, "కట్టుబాటుకి కట్టుబడినోడమ్మా మీ నాయన. ఓడ పోయినా తాడు వదల్లా," అన్నాడు. నేను అవునన్నట్టు తల ఊపాను. ఆయనతో చెప్పని సంగతి ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే మా నాయన నిజంగా ఎట్లాంటివాడో అందులోనే ఉంది.

ఆ కట్టుబాటులో ఒక వెసులుబాటు ఉంది. మా ఊరి పిల్లలందరికీ తెలుసు. ఇంకొకడు వచ్చి నీ చేతులకు ముందు తన చేతులు వేసి తాడు బిగించి పట్టుకుంటే, నువ్వు తప్పుకోవచ్చు. తప్పు లేదు, మాట రాదు, పాలు కూడా పోదు. నాయన ఎన్నిసార్లు కథ చెప్పినా ఆ వెసులుబాటు ఊసెత్తలేదు. వినేవాళ్ళకు, పరాయిచోట అంత సాయం ఎవరు చేస్తారులే అనిపించి ఉంటుంది.

నేను అక్కడే, బోర్లించిన పడవ మీద, ఆయన చొక్కా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రెండో కూత కాగానే తమిళం పెద్దాయన పరుగున వచ్చాడు. ఓడ వైపు చూపించి, నన్ను చూపించి, పో తమ్ముడూ, నేను పట్టుకుంటాను అన్నాడు. నాయన చేతులకు ముందు తన చేతులు వేసి తాడు బిగించాడు. మా నాయన చేతులు ఖాళీ అయ్యాయి. పరుగెత్తితే ఓడ అందేది.

నాయన నావైపు చూశాడు. ఓడ పోతుంది నాయనా, రా అని నేను అనాలి. చొక్కా ఇచ్చేటప్పుడే, కూత వినబడితే చెప్పమని ఆ పని నాకు అప్పజెప్పాడు. నాకు ఓడ ఎక్కాలని లేదు. ఆయనను వదిలి ఎక్కడికీ పోవాలని లేదు. నోరు మెదపకుండా ఆయన మొహం వంక చూస్తూ కూర్చున్నాను.  రెండడుగులు వెనక్కి వేసి, పెద్దాయన వెనక, మనిషి లేని చోట మళ్ళీ తాడు పట్టుకున్నాడు. మడమలు ఇసకలో దిగేట్టు తన్నిపెట్టి, తల వంచుకుని, రెండు చేతులతోనూ లాగడం మొదలుపెట్టాడు.